ముసలి కోడిని చూసుకోవడం ఎలా? గుడ్లు ఆగిపోయాక మొదలయ్యే పని

ఈ రోజు టాపిక్ ముసలి కోడి. నవ్వకండి, సీరియస్‌గానే చెప్తున్నా. తెలుగులో కోడి అని వెతికితే మనకి ముందు వచ్చేవి కోడి కూర, కోడి పందెం, కోళ్ల ఫారంలో లాభాలు. ఇంట్లో పేరు పెట్టి పెంచుకున్న పెట్ట ముసలిదైంది, రెండు రోజులుగా మూల కూర్చుంటోంది, ఏం చేయాలి అంటే మాత్రం మన భాషలో దొరికేది చాలా తక్కువ.

2020 లాక్‌డౌన్‌లో చాలామందిమి సామాన్లు సర్దుకుని సొంతూళ్లకి వెళ్లిపోయాం కదా. ఇంటి నుంచే పని. ఆ టైంలో చాలా ఇళ్లల్లో కోడిపిల్లలు దిగాయి. వాటిల్లో బతికి ఉన్నవాటికి ఇప్పుడు ఐదారేళ్లు. కోడికి సరిగ్గా ఈ వయసులోనే కష్టాలు మొదలవుతాయి.

మా ఇంట్లో ఉన్నది కూడా ఆ బ్యాచే. నాటు పెట్ట, పేరు సీతాలు. ఉగాది అయిన దగ్గర్నుంచి దానికి కడుపులో నీరు చేరుతోంది. దాని సంగతి చివర్లో చెప్తాను. ముందే ఒక మాట: నేను బీటెక్ చదివి కోడ్ రాసుకున్నవాడిని, పశువుల డాక్టర్‌ని కాదు. డాక్టర్ గారు చెప్పినవి, చదివి సరిచూసుకున్నవి, మా ఇంట్లో రోజూ చేస్తున్నవి మాత్రమే చెప్తాను. మందుల డోసులు ఏవీ చెప్పను. అవి అడగొద్దు ప్లీజ్.

కోడికి ముసలితనం ఎప్పుడు?

మామూలుగా ఇంట్లో బాగా చూసుకున్న కోడి ఐదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతుంది. పదేళ్లు దాటేవి కూడా ఉన్నాయి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో పీనట్ అనే చిన్న జాతి పెట్టని 2023లో గిన్నిస్ వాళ్లు బతికున్న కోళ్లలో అత్యంత పెద్దదిగా గుర్తించారు. అప్పటికి దానికి 20 ఏళ్లు దాటాయి.

మరి మనకి కోడి అంటే ఏడాది, ఏడాదిన్నర బతికేది అని ఎందుకు అనిపిస్తుంది? ఎందుకంటే మనం చూసే కోళ్లలో చాలావరకు ముసలితనం దాకా రావు. బ్రాయిలర్ ఆరేడు వారాలకే వెళ్లిపోతుంది. ఫారంలో గుడ్ల కోడిని గుడ్లు తగ్గగానే, అంటే సుమారు ఏడాదిన్నర, రెండేళ్లకి తీసేస్తారు. అందుకే ముసలి కోడి ఎలా ఉంటుందో మన పెద్దవాళ్లలో కూడా చాలామందికి తెలీదు. మా నాయనమ్మ ఇన్ని కోళ్లు పెంచింది, ఆవిడే అంది: "ఆరేళ్ల కోడిని నేనెప్పుడూ చూళ్ళేదురా."

ఇంకో లెక్క చూడండి. కోళ్లన్నింటికీ మూలం అడవి కోడి. అది ఏడాదికి పది, పదిహేను గుడ్లు పెడుతుంది. ఫారం లేయర్ మూడొందలు పెడుతుంది. మన నాటు కోడి మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఒక్క గుడ్డు తయారవ్వడానికి దాదాపు 24 నుంచి 26 గంటలు, అందులో పెంకు కట్టడానికే 20 గంటలు. ఒక్కో పెంకులో రెండు గ్రాముల కాల్షియం. ఆ కాల్షియం మేతలో సరిపోకపోతే ఎముకల్లోంచి లాగుతుంది. కోడికి పనిచేసే అండాశయం ఒక్కటే, ఎడమవైపుది. ఆ ఒక్క భాగం మీద ఇంత లోడ్ పడితే ముందు అరిగేది అదే. ముసలి పెట్టల్లో పెద్ద జబ్బులు ఎక్కువగా గుడ్ల దారిలోనే ఎందుకు వస్తాయో ఇప్పుడు అర్థమైంది కదా. ఫారం జాతుల్లో ఇవి రెండు, మూడేళ్లకే వచ్చేస్తాయి. నాటు పెట్టల్లో కాస్త లేటు.

జబ్బు చేసినా చెప్పదు

సాఫ్ట్‌వేర్‌లో సర్వర్ కింద పడితే అలర్ట్ వస్తుంది. కోడి దగ్గర అలర్ట్ రాదు. అది వేటాడబడే జీవి. గుంపులో నీరసంగా కనిపిస్తే గద్ద ముందు దాన్నే ఎత్తుకుపోతుంది, తోటి కోళ్లు కూడా పొడుస్తాయి. కాబట్టి ఎంత బాగోలేకపోయినా బాగున్నట్టే తిరుగుతుంది. గింజల దగ్గర మిగతావాటితో పాటు వంగి పొడుస్తుంది, కానీ మింగదు. దూరం నుంచి చూస్తే తింటున్నట్టే ఉంటుంది. అది ముడుచుకుని కూర్చుందని మనకి తెలిసేసరికి జబ్బు వచ్చి చాలా రోజులై ఉంటుంది.

దీనికి మందు ఒక్కటే: లాగ్ రాయడం. బాగున్నప్పుడు ఎలా ఉందో రాసి ఉంటేనే బాగోనప్పుడు తేడా తెలుస్తుంది. మీ చేతిలో ఎలాగూ ఫోన్ ఉంది. నోట్స్‌లో కోడి పేరుతో ఒక పేజీ తెరవండి. వారానికి ఒకసారి బరువు, తోచినప్పుడు ఒక ఫొటో. ఇంట్లో వంటకి వాడే చిన్న డిజిటల్ కాటా మీద బుట్ట పెట్టి, సున్నా చేసి, కోడిని కూర్చోబెడితే బరువు వచ్చేస్తుంది. రెండు కిలోల కోడి రెండు వందల గ్రాములు తగ్గితే కంటికి తెలీదు. కానీ అది పదో వంతు. మనిషి అరవై కిలోల నుంచి యాభై నాలుగుకి వచ్చినట్టు.

రోజూ రెండు నిమిషాల చెకప్

పొద్దున్న గూడు తలుపు తీసేటప్పుడు ఈ వరుసలో చూడండి.

ఒకటి, మేత తిత్తి. మెడ కింద, రొమ్ముకి కొంచెం కుడివైపు ఉండే సంచి. రాత్రి పడుకునేటప్పుడు గింజలతో నిండుగా ఉండాలి, పొద్దున్నకి ఖాళీ అయిపోవాలి. పొద్దున్న కూడా గట్టిగా ముద్దలా ఉంటే లోపల అడ్డం పడింది. నీళ్ల బెలూన్‌లా మెత్తగా ఉండి, నోటి దగ్గర పులిసిన వాసన వస్తే లోపల పులిసిపోయింది. రెండింటికీ డాక్టర్ అవసరం. తలకిందులు చేసి వాంతి చేయించే వీడియోలు బోలెడు ఉన్నాయి. అలా చేయకండి, ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడికక్కడే చనిపోతుంది.

రెండు, తల మీద తురాయి రంగు. ఎర్రగా ఉంటే మంచిది. గుడ్లు పెట్టని రోజుల్లో, ఈకలు రాల్చే రోజుల్లో కొంచెం పాలిపోవడం మామూలే. బాగా తెల్లబడితే రక్తం తగ్గినట్టు, అంటే పురుగులో, రక్తం పీల్చే పేలో ఉండొచ్చు. నీలంగా, ఊదా రంగులోకి తిరిగితే గుండెకో ఊపిరికో ఇబ్బంది. అది అర్జెంట్.

మూడు, రొమ్ము మధ్య ఎముక. చేత్తో తడమండి. రెండు వైపులా కండ ఉంటే మంచిది. ఎముక కత్తి అంచులా తగిలితే బక్కచిక్కినట్టు. ఈకల వల్ల పైకి బొద్దుగానే కనిపిస్తుంది, కళ్లని నమ్మొద్దు, చేతిని నమ్మండి.

నాలుగు, కడుపు. తోక కింద, కాళ్ల మధ్య మెత్తగా ఉండాలి. నీళ్లు నింపిన సంచిలా ఊగుతున్నా, గట్టిగా ఉన్నా, పెట్ట పెంగ్విన్ లాగా నిటారుగా నిలబడి నడుస్తున్నా లోపల ఏదో పెరుగుతోందని అర్థం.

ఐదు, రెట్ట. గట్టి ముద్ద మీద తెల్లటి టోపీ, అది నార్మల్. ఆ తెలుపు దాని మూత్రమే. మధ్యమధ్యలో గోధుమ రంగులో జిగటగా, బాగా కంపు కొట్టేది ఒకటి వస్తుంది, అది కూడా నార్మల్, భయపడక్కర్లేదు. తిండి లేనప్పుడు ఆకుపచ్చగా వస్తుంది. రక్తం ఉంటే, రెండు రోజులు నీళ్లలా పోతుంటే ఫొటో తీసి డాక్టర్‌కి చూపించండి. మన గ్యాలరీలో రెట్ట ఫొటోలు ఉండటం కొంచెం ఇబ్బందే. కానీ ఆ ఫొటో చూస్తే డాక్టర్ సగం ప్రశ్నలు అడగక్కర్లేదు.

ఆరు, అరికాళ్లు. మధ్యలో నల్లటి పొక్కు, చుట్టూ వాపు ఉంటే అది ఇన్ఫెక్షన్. ఎత్తు నుంచి దూకే బరువైన కోళ్లకి, గట్టి సిమెంటు నేల మీద ఉండేవాటికి ఎక్కువగా వస్తుంది. కాళ్ల మీద పొలుసులు లేచి గరుకుగా ఉంటే దాని కింద కంటికి కనపడని పురుగు ఉంటుంది. గోరువెచ్చని నీళ్లతో కడిగి వాజలైన్ మందంగా రాస్తూ ఉంటే ఆ పురుగుకి ఊపిరాడదు. కొన్ని వారాలు పడుతుంది, ఓపిక కావాలి.

ఇంకో పాయింట్. కోడిని ముట్టుకుంటే వేడిగా ఉంది, జ్వరం వచ్చింది అంటారు. కోడి ఒంటి వేడి మామూలుగానే 41, 42 డిగ్రీల సెల్సియస్. మనకైతే ఆ వేడికి ఐసీయూలో పెడతారు. కాబట్టి చేత్తో ముట్టుకుని కోడి జ్వరం చెప్పలేం.

మేత: లేయర్ దాణా ఆపాలా?

చాలామందికి తెలియని విషయం ఇది. గుడ్లు పెట్టే కోడి దాణాలో కాల్షియం మూడున్నర నుంచి నాలుగు శాతం ఉంటుంది. గుడ్లు పెట్టని కోడికి ఒక్క శాతం చాలు. గుడ్లు ఆగిపోయాక కూడా నెలల తరబడి లేయర్ దాణానే పెడితే ఆ మిగులు కాల్షియం అంతా కిడ్నీల మీద పడుతుంది. గుడ్లు పూర్తిగా ఆపేసిన పెట్టకి గ్రోయర్ దాణాకి మారండి. అప్పుడప్పుడు గుడ్డు పెడుతుంటే, గుడ్డు పెంకులు ఎండబెట్టి పొడి చేసి వేరే గిన్నెలో పెట్టండి. కావాల్సినప్పుడు అదే వచ్చి తింటుంది.

మన ఇళ్లల్లో ముసలి కోడికి నూకలు, మిగిలిన అన్నం వేసి ఊరుకుంటాం. కడుపు నిండుతుంది, కానీ మాంసకృత్తులు అందవు. ఈకలు రాల్చే రోజుల్లో ఇది బాగా తెలుస్తుంది, ఎందుకంటే ఈక అంటేనే ప్రొటీన్. దాణాయే ప్రధానంగా ఉండాలి. పైన తోటకూర, మునగాకు సన్నగా తరిగి, ఉడికించిన గుడ్డు కొంచెం నలిపి పెట్టొచ్చు. నమిలే పళ్లు లేవు కాబట్టి తిత్తి కింద ఉండే కందనకాయలో చిన్న రాళ్లతోనే నూరుకుంటుంది. బయట తిరగలేని కోడికి ముతక ఇసుక ఒక గిన్నెలో పెట్టాలి. పచ్చళ్లు, చిప్స్, మిక్చర్, చాక్లెట్, పచ్చి రాజ్మా గింజలు వద్దు.

మేత తగ్గించేసిన కోడికి దాణాని గోరువెచ్చని నీళ్లలో తడిపి ముద్దగా పెడితే చాలాసార్లు తింటుంది. నీళ్లు తాగకపోతే బలవంతంగా నోట్లో పోయొద్దు. కోడి నాలుక వెనకాలే గాలి గొట్టం నోరు తెరిచి ఉంటుంది. ముక్కు అంచున ఒక్కో చుక్క పెట్టండి, అదే చప్పరిస్తుంది.

గూట్లో మార్పులు

ముసలి కోళ్లకి కీళ్ల నొప్పులు వస్తాయి. మూడడుగుల ఎత్తు కర్ర మీదకి ఎగరలేవు, ఎగిరినా దిగేటప్పుడు దెబ్బ తింటాయి. కర్రని అడుగు లోపు ఎత్తుకి దించండి, లేదా ఒక చెక్క పలకని వాలుగా ఆనించి దాని మీద గోనె చుట్టండి. కింద ఊకో, వరిగడ్డో మందంగా పరిచి, తడిస్తే మార్చండి. నీళ్ల గిన్నె, మేత గిన్నె దానికి రెండడుగుల్లో ఉండాలి. పడుచు కోళ్లు పొడుస్తుంటే మధ్యలో వల కట్టండి. పూర్తిగా వేరే గదిలో పెట్టకండి, మిగతావి కనిపించాలి, వినిపించాలి. ఒంటరి కోడి తిండి మానేస్తుంది.

ఎండాకాలం మన దగ్గర అసలు పరీక్ష. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పడం, రెక్కలు ఒంటికి దూరంగా పట్టడం, అంతే దానికున్న ఏసీ. 35 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడుతుంది, మనకి మే నెలలో 43, 44 వస్తాయి. మేత తెల్లవారుజామున, సాయంత్రం చల్లబడ్డాక పెట్టండి. మధ్యాహ్నం నీడ, గాలి, తడి గోనెపట్టా. బాగా రొప్పుతుంటే కాళ్లని మామూలు చల్లటి నీళ్లలో కాసేపు ఉంచండి. ఐస్ నీళ్లు వద్దు.

వానాకాలంలో ఇంకో ప్రమాదం. నడవలేని కోడికి తోక కింద రెట్ట అంటుకుని ఆరిపోతుంది. దాని మీద ఈగలు వాలి గుడ్లు పెడితే ఒకట్రెండు రోజుల్లో పురుగులు పడతాయి. రోజూ చూడండి. గోరువెచ్చని నీళ్లతో కడిగి, పూర్తిగా తుడిచి, ఆరబెట్టాకే గూట్లోకి వదలండి.

మట్టి స్నానం మర్చిపోకండి. నడవలేకపోయినా, పొడి ఇసుకలో కొంచెం కట్టెల పొయ్యి బూడిద కలిపిన టబ్బులో కూర్చోబెట్టండి. పేలు తగ్గుతాయి. పైగా దానికి అది సంతోషం. కళ్లు మూసుకుని రెక్క చాచి పడుకుంటుంది చూడండి, అప్పుడు తెలుస్తుంది.

ఎలా పట్టుకోవాలి?

మన దగ్గర కోడిని కాళ్లు పట్టుకుని తలకిందులుగా మోసుకెళ్లడం చిన్నప్పటి నుంచి చూశాం. ముసలి కోడి విషయంలో అది ఆపేయండి. కోడికి మనలాగా ఊపిరితిత్తుల కింద కండరపు తెర ఉండదు. రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే గాలి లోపలికి వెళ్తుంది. రొమ్ముని గట్టిగా నొక్కి పట్టుకుంటే ఊపిరి ఆగిపోతుంది. కడుపులో నీరున్న కోడిని తిరగేస్తే ఆ బరువంతా ఊపిరి మీద పడుతుంది. కుడి చేయి పొట్ట కింద, ఎడమ చేయి రెక్కల మీద, మీ ఒంటికి ఆనించి. అంతే.

మెడికల్ షాప్ మందులు

ఇక్కడ కొంచెం గట్టిగా చెప్తాను. మన ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు కోడికి వేయకండి. మన దేశంలో రాబందులు ఏమయ్యాయో తెలుసు కదా? పశువులకి డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వాడేవాళ్లు. ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందులకి కిడ్నీలు పాడై చనిపోయాయి. 1990ల నుంచి మూడు జాతుల రాబందులు 95 శాతానికి పైగా తగ్గిపోయాయి. 2006లో పశువులకి ఆ మందు వాడకాన్ని ప్రభుత్వం నిషేధించింది. మన టేబుల్ సొరుగులో ఉండే మాత్ర, ఒక పక్షి కిడ్నీని ఏం చేయగలదో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. కోళ్ల నొప్పికి డాక్టర్లు వాడే మందులు వేరే ఉన్నాయి, బరువు చూసి ఇస్తారు.

యాంటీబయాటిక్ కూడా అంతే. మా ఊళ్లో ఒక షాపులో కోడికి నీరసం అనగానే ఒక పొడి చేతిలో పెట్టారు, జబ్బేంటని అడగలేదు. కడుపులో గడ్డ ఉన్న కోడికి యాంటీబయాటిక్ వల్ల ఉపయోగం ఏముంటుంది? డాక్టర్ రాసిన మందు వాడుతున్నప్పుడు కూడా, ఆ గుడ్లు ఎన్ని రోజులు తినకూడదో అడిగి రాసుకోండి.

ముసలి పెట్టల్లో పెద్ద జబ్బులు

మూడు ముఖ్యం. మొదటిది, గుడ్డు అడ్డం పడటం. తోక పైకీ కిందకీ ఊపుతూ ముక్కుతుంటుంది, గుడ్డు రాదు. ముప్పావు బకెట్ గోరువెచ్చని నీళ్లలో నడుము దాకా పదిహేను, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, తుడిచి, చీకటిగా, వెచ్చగా ఉన్నచోట వదిలేయండి. గంటలోపు రాకపోతే డాక్టర్ దగ్గరికి. లోపల గుడ్డుని చితక్కొట్టే ప్రయత్నం చేయకండి, పెంకు గుచ్చుకుంటుంది.

రెండోది, పచ్చసొన దారి తప్పి కడుపులో పడి కుళ్లడం. మూడోది, అండాశయ క్యాన్సర్. ఇది వింటే ఆశ్చర్యపోతారు: మనుషుల్లాగా తనంతట తానే ఈ క్యాన్సర్ తరచుగా వచ్చే జంతువులు చాలా తక్కువ, వాటిలో కోడి ఒకటి. అందుకే ఆడవాళ్లలో వచ్చే అండాశయ క్యాన్సర్ మీద పరిశోధన చేసేవాళ్లు కోళ్లని చూస్తారు. ఈ రెండింట్లోనూ కడుపులో నీరు చేరుతుంది.

వీటికి సంబంధం లేనిది, కానీ మర్చిపోకూడనిది అంటురోగాలు. కొక్కెర తెగులు, అదే రానిఖెత్, వైరస్ వల్ల వస్తుంది, వస్తే మందు లేదు, టీకా ఒక్కటే దారి. బర్డ్ ఫ్లూ 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల ఫారాల్లో బయటపడిన సంగతి గుర్తుంది కదా. ఒకే రోజు రెండు, మూడు కోళ్లు ఉన్నట్టుండి చనిపోతే అది ముసలితనం కాదు. చనిపోయినవాటిని ముట్టుకోకండి, వెంటనే పశుసంవర్ధక శాఖ వాళ్లకి చెప్పండి. మామూలు రోజుల్లో కూడా కోడిని పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. ముద్దొస్తుందని ముద్దు పెట్టుకోకండి.

డాక్టర్ ఎక్కడ దొరుకుతారు?

కుక్కల క్లినిక్‌లో చాలాచోట్ల కోడిని చూడరు. ముందు ఫోన్ చేసి అడగండి. ప్రభుత్వ పశువైద్యశాల మొదటి దారి. రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనాలకి 1962 నంబర్ ఉంది. వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులు ఇంకో మంచి దారి: హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం చుట్టుపక్కల వాళ్లు అక్కడ అడగొచ్చు. వెళ్లేటప్పుడు బరువుల లాగ్, రెట్ట ఫొటో, నడుస్తున్నప్పుడు ఒక వీడియో, ఊపిరి పీలుస్తున్నప్పుడు ఒక వీడియో పట్టుకెళ్లండి. డాక్టర్ ముందు కోడి మళ్లీ బాగున్నట్టే నటిస్తుంది. వీడియో నటించదు.

"కోసేస్తే పోలా?"

ఓకే, ఇప్పుడు సీతాలు. డాక్టర్ గారు చూసి అండాశయంలో గడ్డ అయ్యుంటుందన్నారు. ఈ వయసులో ఆపరేషన్ వద్దన్నారు. సూదితో నీరు తీశారు. ఆ సాయంత్రం హాయిగా నడిచింది, మెట్టు కూడా ఎక్కింది. పదహారు రోజులకి మళ్లీ నిండింది. రెండోసారి తీస్తే పదకొండు రోజులకే. మూడోసారి ఎనిమిది. నా నోట్స్‌లో ఆ మూడు అంకెలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. గ్రాఫ్ గీయక్కర్లేదు, ఎటు పోతోందో తెలుస్తూనే ఉంది.

ఇంట్లో రెండు వాదనలు. నాన్న అన్నాడు: "కోడికి పెట్రోలు పోసుకుని టౌనుకి తిప్పుతావేంట్రా? ముసలి కోడి, కోసేస్తే పోలా?" అమ్మ అలా అనదు, కానీ ఆవిడ అడిగింది ఇంకా కష్టం: "నువ్వు ఆదివారం చికెన్ తింటావు. మరి దీనికెందుకు ఇంత?"

నిజమే, తింటాను. దాచేదేం లేదు. నా దగ్గర ఉన్న సమాధానం ఇంతే. నేను పేరు పెట్టి పిలిస్తే ఇది వస్తుంది. ఆరేళ్లు నా మీద నమ్మకంతో నా చేతిలో గింజలు తింది. నేను దీని బాధ్యత తీసుకున్నాను. ప్రపంచంలో ఉన్న కోళ్లన్నింటినీ చూసుకోలేను, ఇది మాత్రం నాది. ఇందులో ఫిలాసఫీ ఏం లేదు. ఇక మందులు వాడిన, జబ్బున్న కోడిని తినడం ఎలాగూ మంచిది కాదు, కాబట్టి నాన్న ఐడియా ప్రాక్టికల్‌గా కూడా పనిచేయదు.

కానీ నాన్న మాటలో ఒక నిజం ఉంది. దాన్ని పక్కన పెట్టకూడదు. కోసేవాడి చేతిలో కోడి బాధ కొన్ని క్షణాలు. నేను ప్రేమ పేరుతో లాగుతూ పోతే అదే బాధ వారాలు. నాకు వదలబుద్ధి కాకపోవడం, దానికి బతకాలని ఉండటం, ఈ రెండూ ఒకటి కాదు.

ఎప్పుడు చాలు అనుకోవాలి?

అందుకే ముందే గీత గీసుకోవాలి, ఏడుపు రాని రోజున. మీ కోడికి ఇష్టమైన మూడు పనులు రాయండి. సీతాలుకి: చేట చప్పుడు వింటే పరిగెత్తుకు రావడం, మధ్యాహ్నం మట్టి స్నానం, సాయంత్రం నాయనమ్మ కుర్చీ కింద కూర్చోవడం. వీటికి తోడు నాలుగు ప్రశ్నలు. తనంతట తాను తింటోందా? నీళ్ల దాకా నడుస్తోందా? ఈకలు దువ్వుకుంటోందా? నోరు మూసుకుని ఊపిరి పీలుస్తోందా? రోజు చివర్లో మంచి రోజు, చెడ్డ రోజు అని ఒక్క మాట రాయండి. చెడ్డ రోజులు మంచివాటిని దాటితే డాక్టర్‌తో ఆ మాట మాట్లాడాలి. చల్లపూట కూడా నోరు తెరిచి ఊపిరి పీలుస్తుంటే రోజులు లెక్కపెట్టొద్దు, ఆ రోజే.

డాక్టర్ ఇంజెక్షన్‌తో నిద్రలోకి పంపిస్తారు. ముందు మత్తు ఇవ్వమని అడగండి. ఆ రోజు మీరు దగ్గర ఉండండి, తెలిసిన చేతుల్లో కోడి తక్కువ భయపడుతుంది. చనిపోయాక కాలవలోనో చెత్తకుప్పలోనో వేయకండి. కుక్కలు తవ్వనంత లోతు, కనీసం మూడడుగుల గొయ్యి, బావికీ బోరుకీ దూరంగా. పైన సున్నం చల్లి పూడ్చండి. ఇంజెక్షన్ ఇచ్చిన కోడిని ఇంకే జంతువూ తినకూడదు, ఆ మందు వాటినీ చంపుతుంది.

సీతాలు లాగ్‌లో ఈ వారం మంచివి నాలుగు, చెడ్డవి మూడు. చేట చప్పుడుకి ఇంకా వస్తోంది, కాకపోతే నడుచుకుంటూ. డాక్టర్ గారితో ఆ మాట ఆల్రెడీ మాట్లాడాను, ఆయన నంబర్ ఫోన్‌లో పైనే పెట్టుకున్నాను. నాన్న నిన్న పెట్రోలు గురించి ఏమీ అనలేదు. గూట్లో కర్రని ఇంకో నాలుగు వేళ్లు కిందకి దించాడు.

మీ ఇంట్లో మూడేళ్లు దాటిన పెట్ట ఉంటే ఈ రాత్రి ఒక్క పని చేయండి. అది కర్రెక్కి కళ్లు మూసుకున్నాక మెల్లగా చేయి పెట్టి రొమ్ము ఎముక తడమండి. రేపు పొద్దున్న బరువు చూసి నోట్స్‌లో మొదటి లైన్ రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో వర్షాకాలానికి గూడు ఎలా సిద్ధం చేయాలో ఖర్చులతో సహా చూద్దాం.